మెదడు తూకమును బుద్ధి తూకమును

మన గోదావరి మండలములలో ఒకనిని మందమతి యని చెప్పవలసివచ్చినప్పుడు "వాని బుర్రలో గుజ్జు లేదు" అందురు. పాఠము రాని పిల్లవానికి "మట్టిబుర్ర" యను బిరుదు బడిలోనే దొరకును. పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లుపోయు ముసలమ్మ, తల గుండ్రముగ వచ్చుటకై నుదుటిని వెనుకతలను అరచేతులతో ఒత్తుచు, తల కొంచెము పెద్దదిగ కనబడినచో "వీడు పెద్ద చదువులు చదువును" అని ముచ్చటపడును. ఈ మాటలన్నిటి అడుగున ఒక్కటే ఊహ యున్నది. బుద్ధి యనునది తలలో నింపిన సరకు. కుండ పెద్దదైన సరకెక్కువ, కుండ చిన్నదైన సరకు తక్కువ. ఇది నీళ్లుపోయు ముసలమ్మల మాటగానే యుండిపోయినచో మేము కలము పట్టవలసిన పని లేకుండెను. కాని ఈ ఊహయే కొలబద్దను త్రాసును చేతబట్టి, శాస్త్రమను పేరు ధరించి, గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమునుండి దేశములు తిరుగుచున్నది. మన యూరికిని వచ్చినది. ఇప్పటికిని పూర్తిగ వెడలిపోలేదు.

మన పూర్వులకు ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. చరకుడు చైతన్యమునకు హృదయము స్థానమనెను. భేలుడు మనస్సు శిరస్సునకును తాలువునకును నడుమ నుండుననెను. సాముద్రికులు గొడుగువలె విరిసిన తల రాజలక్షణమని వ్రాసిరి. అది ఐశ్వర్యమునకు చెప్పిన గుర్తేగాని పాండిత్యమునకు చెప్పినది గాదు. మహాభారతమున అష్టావక్రుని జనకుని ద్వారపాలకుడు బాలుడవని వాకిట నిలిపెను. లోనికి పోయిన పిదప ఆ బాలుడే వందిని వాదమున నోడించెను. ద్వారపాలకుడు చూచినది దేహము, సభ విన్నది మాట. "పిట్ట కొంచెము, కూత ఘనము" అను సామెత పుట్టిన భాషలోనే "బుర్రలో గుజ్జు" అను మాటయు పుట్టినది గనుక లోకానుభవమును మాత్రమే సాక్షిగ పిలిచినచో ఈ వ్యవహారము తేలదు. అంకెలను చూడవలసినదే.

ఈ విమర్శకు మమ్ము పురికొల్పినది 2019వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదునుండి వెలువడిన యొక వార్త. అచ్చటి ఐఐఐటీ విద్యాసంస్థలో ఆచార్య జయంతీ శివస్వామిగారును, వారి సహచరులును, తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్యసంస్థ వారితో కలిసి, భారతీయుల మెదడునకు ఒక ప్రమాణపటమును తయారుచేసిరి. దానికి ఐబీఏ100 అని పేరు. ఏబదిమంది పురుషులను, ఏబదిమంది స్త్రీలను, అందరును ఆరోగ్యవంతులైన యువజనులను, ఎం.ఆర్.ఐ. యంత్రములలో చిత్రించి, ఆ నూరు చిత్రములను కలిపి సగటు రూపమును నిర్ణయించిరి. ఆ సగటు మెదడు పొడవున, వెడల్పున, ఘనపరిమాణమున పాశ్చాత్యుల సగటుకంటెను, చీనా కొరియా దేశీయుల సగటుకంటెను కొంచెము చిన్నదిగ కనబడెను. పరిశోధకులు చెప్పిన మాట యింతే. మరునాటికి పత్రికలలో పెద్ద అక్షరములతో నెక్కినది "భారతీయుల మెదడు చిన్నది" యను మాట.

ఆ పటమెందుకు తయారుచేసిరో శీర్షిక వ్రాసినవారిలో ఎందరు చదివిరో మేమెరుగము. అది చెప్పవలసియున్నది. మెదడు చిత్రమును చూచి వ్యాధిని పసిగట్టు వైద్యునకు పోల్చి చూచుటకు ఒక నమూనా కావలెను. 1993 నుండి లోకమంతట వాడుకలోనున్న నమూనా కెనడా దేశమున మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థలో తయారైనది. అది పాశ్చాత్యుల తలలనుండి తీసిన సగటు. మతిమరుపు వ్యాధి యారంభములో మెదడులోని కొన్ని భాగములు, ముఖ్యముగ జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అను భాగము, క్రమముగ కృశించును. మన యూరి వృద్ధుని మెదడును మాంట్రియల్ నమూనాతో పోల్చినప్పుడు, పుట్టుకతోనే కొంచెము చిన్నదైన భాగమును చూచి వైద్యుడు రోగముచే కృశించినదని భ్రమపడవచ్చును. దొరల కొలతలకు కత్తిరించిన చొక్కాను మన దేశస్థుడు తొడుగుకొని, భుజములు జారుచున్నవని చూచి, తాను చిక్కిపోతినని వైద్యునియొద్దకు పరుగెత్తిన చందము. దానికి మందు మనిషికి కాదు, దర్జీకి చెప్పవలెను. చీనావారును కొరియావారును తమతమ నమూనాలను తయారుచేసికొన్న కారణమదియే; హైదరాబాదువారును ఆ పనియే చేసిరి. వారు కొలిచినది మెదడు రూపము. ఆ నూరుమందికి బుద్ధిపరీక్ష పెట్టి, ఆ రూపముతో ముడివేసి, తీర్పు చెప్పుట వారి యుద్దేశముగాదు.

ఇంక వార్తను చదివినవారి సంగతి. ఒక తెగవారు సిగ్గుపడిరి. "అందుకే మనము వెనుకబడితిమి" అని ఉపాధ్యాయుల గదిలోనే ఒకరు నవ్వుచు ననగా మేము వింటిమి. వేరొక తెగవారు కోపించిరి. పాణినిని, ఆర్యభటుని, సున్నను స్మరించి, మన మెదడు చిన్నదగుట అసంభవమనిరి. (పాణిని తల చుట్టుకొలత ఎన్ని అంగుళములో వీరిలో ఎవ్వరును సెలవీయలేదు.) మొదటివారి సిగ్గును రెండవవారి కోపమును ఒక్క మూలమునుండియే పుట్టినవని మా యభిప్రాయము. మెదడు పెద్దదైనచో గౌరవము, చిన్నదైనచో అవమానము అని ఇరువురును ముందుగనే యొప్పుకొన్నారు. వారి తగవు కొలతను గూర్చియేగాని కొలబద్దను గూర్చి గాదు.

కొలబద్దకు చరిత్ర కలదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున శామ్యూల్ జార్జి మోర్టన్ అను వైద్యుడు పలుదేశముల కపాలములను పోగుచేసి, మొదట ఆవాలు పోసియు, ఆవాలు కుదురుగ నిలువకపోవుటచే పిదప సీసపు గుండ్లు పోసియు వాని పరిమాణమును కొలిచెను. గుండ్లకు మారకముందే, 1839లో, గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందులో తెల్లజాతి అగ్రమున నిలిచెను. నల్లవారు అడుగున నిలిచిరి. మన పాఠకులకు అందులో నొక విశేషము కలదు. ఆతడు హిందువులను శ్వేతజాతిలోనే లెక్కించెను. ఆతనియొద్ద హిందువుల కపాలములు 17 ఉండెను. సగటునకు మాత్రము వానిలో 3 చేర్చుకొని తక్కినవానిని పక్కకు పెట్టెను. హిందువుల తలలు మిక్కిలి చిన్నవి, అవి చేరినచో శ్వేతజాతి సగటు తగ్గును. అమెరికా యాదిమవాసుల విషయమున ఈ మర్యాద పాటింపబడలేదు. చిన్నతలలుగల పెరూ దేశీయులు వారి సగటులో నిండుగ నున్నారు. ఆ పెరూవారు రాజ్యములు కట్టి, కొండలపై రాజమార్గములు వేసిన ఇంకాల జాతివారు. పెద్దతలలుగల వారి పొరుగువారు అట్టి రాజ్యము కట్టలేదు. ఈ చిక్కు మోర్టనునకే తోచెనుగాని ఆతని సిద్ధాంతము కదలలేదు.

స్టీఫెన్ జే గూల్డ్ అను జీవశాస్త్రజ్ఞుడు 1981లో, మనిషిని తప్పుగా కొలుచుట అను నర్థముగల పేరుతో నొక పుస్తకము వ్రాసి మోర్టన్ లెక్కలను ఎండగట్టెను. 2011లో వేరు పండితులు ఆ కపాలములనే మరల కొలిచి, మోర్టన్ కొలతలు చాలవరకు సరియైనవేయనియు, గూల్డ్ అనుమానమే యతిశయించినదనియు తెలిపిరి. గూల్డ్ పక్షమువారు దీనిని దాచవలసిన పనిలేదు. సీసపు గుండ్లు లెక్కపెట్టుటలో మోర్టన్ చేయి వణకకపోవచ్చును. ఎవరి తలలను లెక్కలోనికి రానిచ్చెను, ఎవరి తలలను వాకిటనే నిలిపెను, కొలిచిన పిదప ఆ అంకె దేనికి గుర్తని చెప్పెను అను ప్రశ్నలకు గుండ్లు జవాబు చెప్పవు.

మన మండలమువారు ఈ కథను ఫిలడెల్ఫియాలో వదలి సుఖముగ నుండుటకు వీలులేదు. గోదావరి మండలము మదరాసు రాజధానిలో నుండిన కాలమున, మదరాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు 1885 నుండి 1908 వరకు అధికారిగ నుండిన ఎడ్గర్ థర్‌స్టన్, తలను ముక్కును కొలుచు సాధనములు చేతబట్టి రాజధాని యంతట తిరిగెను. వయనాడులోని పనియ స్త్రీలు ఆయనను చూచి, తమలో మంచివారిని పట్టుకొని పోయి లోపల గడ్డికూరి ప్రదర్శనశాలలో నిలుపునని తలచి పారిపోయిరని ఆయనయే వ్రాసికొన్నాడు. చదువుకొన్నవారు దీనిని చూచి నవ్వుదురు. మాకు మాత్రము ఆ స్త్రీలు వ్యవహారమును చాలవరకు సరిగానే గ్రహించిరని తోచును. 1909లో కె. రంగాచారి సహాయముతో ఆయన వెలువరించిన ఏడు సంపుటములలో మన తెలుగు కులములును వరుసగ నున్నవి. ఆచారములు, సామెతలు, పెండ్లితంతులు చక్కగ వ్రాయబడియున్నవి. వానికై మేము నేటికిని ఆ సంపుటములను తిరుగవేయుదుము. వాని నడుమనే తల పొడవు, తల వెడల్పు, ముక్కు వెడల్పు అను పట్టికలు కలవు. తల పొడవునకు వెడల్పునకుగల నిష్పత్తి తల ఆకారమును తెలుపునుగాని పరిమాణమును గూడ తెలుపదు. బుద్ధిమాట చెప్పనక్కరయే లేదు. అయినను వంగదేశమున రిస్లీ దొర, ముక్కు వెడల్పు పెరిగినకొలది కులముయొక్క అంతస్తు తగ్గునని 1891లోనే వ్రాసియుండెను. కులమును ముక్కుతోను, ముక్కును బుద్ధితోను ముడివేయ గోరువారికి ఆ పట్టికలలో అంకెలు సిద్ధముగ దొరకెను. "వాండ్లకు చదువెక్కదు" అని మునుపు నోటితో చెప్పుచుండినవారికి అంకె తోడైనది. చదువెక్కదన్నవారిని అసలు బడిలో కూర్చుండనిచ్చిరా యని ఎవ్వరును ఆ పట్టికలో వరుస గీయలేదు.

ఇట్టి కొలతలన్నియు వ్యర్థములా? కావు. కపాలములను కొలిచి కీర్తి గడించిన తెలుగువాడొకడు కలడు. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది, కలకత్తా చేరి మహలనోబిస్‌గారి శిష్యులైరి. 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశములో జెబెల్ మోయా యనుచోట త్రవ్వకములలో దొరకిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను పరిశీలించిరి. ఆ జనులు ఎవరికి దగ్గరివారు, ఎవరికి దూరపువారు అను ప్రశ్నకు, అనేక కొలతలను ఒక్కసారి కలిపి తూచు గణితపద్ధతిని వినియోగించిరి. ఎముక ఎముకకు ఎంత పోలికయో చెప్పుటకు కొలత చాలును గనుక వారు దానిని చెప్పిరి. ఆ జెబెల్ మోయా వాసులు తెలివిగలవారా, మందమతులా యని వారడుగలేదు. ఆ ప్రశ్నకు ఎముకలో జవాబు లేదని గణితజ్ఞునికి తెలియును. 2023లో నూటమూడవయేటికి సమీపించి దివంగతులైన ఆ మహనీయుని పేరు మన విద్యార్థులు గణాంకశాస్త్ర సూత్రములలో చదువుచున్నారు. ఈ సంగతి కూడ వారికి చెప్పదగును.

స్త్రీల విషయమున ఈ త్రాసు చేసిన అపకారము వేరుగ చెప్పవలసియున్నది. 1887లో ఇంగ్లండున రోమేన్స్ అను పండితుడు స్త్రీల మెదడు పురుషుల మెదడుకంటె సగటున ఐదు ఔన్సులు తక్కువ తూగుననియు, కావున వారి బుద్ధియు తక్కువయై యుండవలెననియు వాదించెను. అప్పటికి పదుమూడేండ్ల ముందే, 1874లో, మన ధవళేశ్వరమున వీరేశలింగముగారు బాలికలకు పాఠశాల పెట్టియుండిరి. వారిని ఎదిరించినవారు ఔన్సుల మాట యెత్తలేదు; శాస్త్రము, ఆచారము, వైధవ్యభయము వారి యాయుధములు. పాఠశాల ద్వారము మూయుటకు అక్కడ త్రాసు, ఇక్కడ ఆచారము. ఈ రెంటిలో త్రాసే యెక్కువ అపాయకరమని మేమందుము. ఆచారమును మనుష్యులు చేసికొన్నారు గనుక మనుష్యులు మార్చుకొనవచ్చును. తూకము ప్రకృతి వ్రాసిన శాసనమువలె కనబడును.

ఆ ఐదు ఔన్సుల భేదము అబద్ధము కాదు. పురుషుల మెదడు సగటున నూటికి పదిపాళ్లు పెద్దదని నేటి యంత్రములును చెప్పుచున్నవి; దేహము పెద్దదగుట అందులకు ముఖ్యకారణము. అయినను సాధారణ బుద్ధిపరీక్షలలో స్త్రీపురుషుల సగటులకు అట్టి భేదము కనబడుట లేదు. పరిమాణమే బుద్ధిని నిర్ణయించునను సిద్ధాంతమునకు ఇంతకంటె సులభమైన పరీక్ష యేమున్నది? లోకములో సగముమందిపై ఆ పరీక్ష జరిగినది. సిద్ధాంతము తప్పినది. దేశముల నడుమ భేదమును గూర్చియు ఇదే దారిలో ఆలోచింపవలెను. 1996లో జన్మించిన భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, హాలెండువారిది సుమారు 182. దేహము చిన్నదైనచోట తలయు కొంత చిన్నదగుటలో వింత యేమి?

ఎదుటిపక్షమునకు న్యాయముగ దక్కవలసినది దక్కవలెను. మెదడు పరిమాణమునకును బుద్ధిపరీక్షలలోని గుణములకును సంబంధమే లేదని కొందరు సంస్కారప్రియులు వ్రాయుదురు. అది సత్యముగాదు. బ్రదికియున్నవారి మెదడును ఎం.ఆర్.ఐ. యంత్రముతో కొలిచి, బుద్ధిపరీక్షతో పోల్చిన పరిశోధనలనెల్ల 2015లో ఒకచోట చేర్చి చూడగా సంబంధము 0.24 అని తేలెను. 2019లో బ్రిటనులో పదుమూడువేలమందికి పైబడి పరిశీలింపగా 0.19 వచ్చెను. సంబంధము ఏమియు లేనిచో సున్న, పూర్తిగ నున్నచో ఒకటి. ఈ 0.24 అనగా ఏమో మా విద్యార్థులకు చెప్పు విధముగ చెప్పెదము. ఒక్క దేశమున ఒక్క వయస్సుగల ఇద్దరిని యాదృచ్ఛికముగ పిలిచి, పెద్ద మెదడుగలవాడే బుద్ధిపరీక్షలో ముందుండునని పందెము కాయుడు. ఇట్లు నూరు జతలను పిలిచినచో సుమారు 58 పర్యాయములు గెలుతురు, 42 పర్యాయములు ఓడుదురు. రూపాయను ఎగురవేసి బొమ్మయని చెప్పిన 50 పర్యాయములు గెలుతురు. రూపాయకంటె మెదడు తూకము తెలిపిన విశేషము ఎనిమిది జతలు. వేలమందిపై లెక్క కట్టు శాస్త్రజ్ఞునికి ఆ యెనిమిది విలువైనవే. మూడవ బెంచీలోని పిల్లవాని తలను చూచి వాని జాతకము చెప్పు ఉపాధ్యాయునికి అవి ఎందుకును పనికిరావు. పైపెచ్చు ఆతడు చూచుచున్నది మెదడును గాదు. జుట్టును, చర్మమును, ఎముకను కలిపి చూచుచున్నాడు.

ప్రసిద్ధుల మెదళ్లను తూచిన కాలమొకటి యుండెను. ఫ్రాన్సులో కూవియే అను జంతుశాస్త్రజ్ఞుడు 1832లో మరణింపగా ఆయన మెదడు 1830 గ్రాములు తూగెను, తూచినవారు పొంగిపోయిరి. రష్యా నవలాకారుడు తుర్గేనెవ్ మెదడు 2000 గ్రాములు దాటెను. తరువాత నోబెల్ బహుమానము పొందిన నవలాకారుడు అనతోల్ ఫ్రాన్స్ 1924లో మరణింపగా ఆయన మెదడు 1017 గ్రాములే తూగెను. ఇద్దరును నవలలే వ్రాసిరి. ఒకరి మెదడు రెండవవారి దానికి దాదాపు రెట్టింపు. పుర్రెమీది ఎత్తుపల్లములను తడిమి గుణములను చెప్పు విద్యను కల్పించిన గాల్ దొర మెదడు 1198 గ్రాములు. ఐన్‌స్టీన్ మెదడు 1230 గ్రాములు, అనగా సామాన్యపురుషుని సగటుకంటె కొంచెము తక్కువ. ఈ కథలో మాకెక్కువ యిష్టమైన ఘట్టము డబ్లిన్ నగరములో జరిగినది. అచ్చట 1898లో శారీరశాస్త్ర పండితులు సభ చేయగా వారిలో 35గురి తలలు కొలువబడెను. ఆలిస్ లీ యను గణితజ్ఞురాలు, కార్ల్ పియర్సన్ శిష్యురాలు, వారి కపాల పరిమాణములను లెక్కగట్టి, వరుసగ వేసి ప్రకటించెను. తలల వరుసకును కీర్తి వరుసకును పొందిక లేకపోయెను. కోల్మన్ అను ప్రఖ్యాతుడు ఆ వరుసలో అడుగునకు చేరెను. అంతవరకు ఇతరుల తలలను కొలుచుచుండిన పండితులకు తమ తలలే కొలువబడిన పిదప ఈ శాస్త్రముపై మునుపటి యుత్సాహము మిగిలి యుండదు గదా!

తలలోనిది ఎంతయని గాక, ఎట్లు కూర్చబడినదని యడిగినవారికి మంచి జవాబులు దొరకినవి. బ్రెజిల్ దేశీయురాలు సుజానా హెర్కులానో-హౌజెల్ తన సహచరులతో కలిసి మెదడులోని నాడీకణములను లెక్కించు క్రొత్తపద్ధతిని కనుగొని, మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల కణములు కలవని 2009లో తెలిపెను. ఏనుగు మెదడు మన మెదడునకు మూడింతలకు పైగా తూగును. దానిలో కణములు 25,700 కోట్లు. అట్లయిన ఏనుగే మనకు పాఠము చెప్పవలసినది. కాని ఏనుగు కణములలో నూటికి 97 పాళ్లకు పైగా శరీరపు కదలికలను సవరించు చిన్నమెదడులోనే యున్నవి. ఆలోచనకు నెలవైన పైపొరలో ఏనుగునకు 560 కోట్లు, మనుష్యునకు 1,600 కోట్లు. కాకులలోను చిలుకలలోను అక్రోటుకాయంత తలలో కణములు దట్టముగ క్రిక్కిరిసి యుండుట 2016లో బయటపడెను. కాకి తెలివి మన పెరటిలో వడియములు ఎండబెట్టువారికి ముందే తెలియును. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపమున 2003లో దొరకిన పొట్టిమానవుల మెదడు మన మెదడులో మూడవవంతు మాత్రమే. వారి యెముకలున్న గుహలోనే రాతిపనిముట్లును దొరకెను. అంతరించిపోయిన నియాండర్తాలుల మెదడు మన దానికి తీసిపోనిది.

ఈ పదార్థము పనిచేయుటకు ఇంధనము కావలెను. మెదడు శరీరపు బరువులో నూటికి రెండుపాళ్లే యైనను, శరీరము వెచ్చించు శక్తిలో సుమారు ఇరువదిపాళ్లు తానే వెచ్చించును. ఆ శక్తి ఏటీపీ యను ద్రవ్యమునుండి లభించును. ఆ ద్రవ్యమును 1929లో జర్మనీలో లోమన్ కనుగొనగా, అదే కాలమున అమెరికాలో ఫిస్కేతో కలిసి స్వతంత్రముగ కనుగొన్నవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, తండ్రి మరణముచేతను ఇంటి కష్టములచేతను చదువు చెడి, మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కని విద్యార్థి ఈతడే. మొదటి రెండు పర్యాయములు ఫలితములు చూచినవారిలో ఎవరైనను "బుర్రలో గుజ్జు లేదు" అని యుందురేమో, అనియుండినను ఆశ్చర్యములేదు. ఆయన పర్యవేక్షణలో 1947లో వెలువడిన హెట్రజాన్ మందు బోదకాలు వ్యాధికి నేటికిని వాడబడుచున్నది. బోదకాలు మన డెల్టాకు తరతరముల శాపమైయుండెను; ఆ మాత్రలు మన యూళ్లలో ఇంటింటికి పంచబడినవి. పరీక్ష మొదటిసారి తూచిన తూకమే తుదితీర్పు అయియుండినచో ఏమగునో ఊహించుకొనుడు. మెదడు తూకమువలెనే గుణముల తూకమును ఒక్కనాటి తూకమని మేము మా పాఠశాలలో చెప్పుచుందుము. వినువారు కొందరే.

బుద్ధిపరీక్షల అంకెలు సైతము నిలకడగలవి గావు. న్యూజిలాండునకు చెందిన జేమ్స్ ఫ్లిన్ 1984లోను 1987లోను ప్రకటించిన వ్యాసములలో, అనేక దేశములలో తరమునకు తరమునకు ఆ అంకెలు పెరుగుచు వచ్చినవనియు, అమెరికాలో పదేండ్లకు సుమారు మూడు అంకెల చొప్పున పెరిగెననియు చూపెను. ముప్పదియేండ్లలో పుర్రెలు అంతగ పెరుగలేదు. పెరిగినవి బడులు, పుస్తకములు, అన్నము, నీరు, రోగములనుండి రక్షణ.

తలను కొలువవలసిన సమయ మొకటి మాత్రము నిజముగ కలదు, అది శైశవము. పుట్టిన బిడ్డ తల చుట్టు వైద్యుడు పట్టీ చుట్టి కొలుచును. సామాన్యముగ 34, 35 సెంటీమీటర్లుండును. మిక్కిలి తక్కువయైనను, నెలలు గడచుకొలది పెరుగకపోయినను, అది వ్యాధిలక్షణము కావచ్చును. 2015లో బ్రెజిల్‌లో జికా వ్యాధి తల్లులకు సోకి, మిక్కిలి చిన్నతలలతో శిశువులు జన్మించిరి. వారి బుద్ధివికాసము దెబ్బతినెను. వ్యాధివలన కుంచించిన మెదడు వేరు, ఆరోగ్యముతో చిన్నదైన మెదడు వేరు. పత్రికలవారు కలగలిపినది ఈ రెంటినే. అంగన్వాడీలో పట్టీ పట్టుకొన్న ఆయమ్మ చేయు కొలత, థర్‌స్టన్ చేసిన కొలతవలెనే కనబడునుగాని దాని ప్రయోజనము వేరు. ఆమె తక్కువ అంకెను చూచి బిడ్డకు పేరు పెట్టదు, తల్లిని ఆస్పత్రికి పంపును.

గర్భమునందున్న శిశువు మెదడు పెరుగుటకు తల్లి రక్తములో అయోడిను కావలెను. అది లేకపోవుట లోకమున నివారింపదగిన బుద్ధిమాంద్యమునకు ముఖ్యకారణములలో నొకటి. చిటికెడు అయోడిను కలిపిన ఉప్పు దానిని నివారించును. కొన్ని యిండ్లలో నేటికిని బస్తా కల్లుప్పే కూరలో పడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31గురు వయస్సునకు తగిన యెత్తు లేనివారు. నూటికి 63గురు రక్తహీనతగలవారు. ఆ సర్వేయును హైదరాబాదు పటమును ఒక్క కాలమునందే జరిగినవి. మెదడు చిన్నదను వార్తకు పెద్ద అక్షరములు దొరకినవి, రక్తహీనత లోపలి పుటలలో చిన్న అక్షరములలో నిలిచెను. పదిగంటలకే బెంచీపై తలవాల్చు పిల్లవానిని మేము ప్రతిదినము చూచుచున్నాము. వాని కనురెప్ప క్రిందికి లాగి చూచినచో పాలిపోయి యుండును. వానిని "మట్టిబుర్ర" యని పిలిచిన ఉపాధ్యాయుడు రెప్ప లాగి చూచియుండడు.

కోనసీమలో లంకల గన్నవరమున, ఏ వేళ వచ్చినవారికైనను అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరును ప్రభుత్వమువారు 2024లో బడి మధ్యాహ్న భోజనమునకు పెట్టిరి. అందులో కోడిగ్రుడ్డును, వేరుసెనగ చిక్కీయు, రాగిజావయు ఉన్నవి. మా బడిలో వంటమనిషి అన్నము కొలుచు గిన్నె యొకటి కలదు. పెద్దతలవానికి ఎక్కువయు చిన్నతలవానికి తక్కువయు ఆమె వడ్డింపదు. ఎవడు మరల చేయి చాపునో చూచి వానికి వడ్డించును.